టెక్ సందేహాలు: నాన్న క్యాసెట్లు, అమ్మ ఫోను, నెలనెలా పోయే రూ.199

ఈ వారం ఎంచుకున్న ప్రశ్నలన్నీ అమ్మానాన్నల గురించే. డబ్బు ఎక్కువ పెట్టకుండా పని జరగాలన్నదే అందరి కోరిక. అందుకే కొత్త వస్తువు కొనమనేముందు, ఇంట్లో ఉన్నదానితో ఎంతవరకు నెట్టుకురావచ్చో చూసి జవాబులు రాశాను.

మా నాన్నగారు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఊళ్లో నాటకం ఆడినప్పుడల్లా చిన్న టేప్‌రికార్డర్ పక్కన పెట్టి పద్యాలు రికార్డు చేసుకున్నారు. అలాంటి క్యాసెట్లు యాభై దాకా ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వినాలని ఆయన కోరిక. షాపులో క్యాసెట్‌కు ఇంత అని అడుగుతున్నారు, మొత్తం లెక్క వేస్తే మా వల్ల అయ్యేలా లేదు. ఇంట్లోనే చేసుకోవచ్చా? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

చేసుకోవచ్చండి, తప్పకుండా చేసుకోండి. కంపెనీవాళ్లు అమ్మిన క్యాసెట్ పాడైతే దాని కాపీ ఇంకొకరి ఇంట్లో దొరుకుతుంది. మీ నాన్నగారి క్యాసెట్లకు ఇంకో కాపీ ఎక్కడా లేదు. దీనికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. అరవై నిమిషాల క్యాసెట్ ఎక్కించడానికి అరవై నిమిషాలూ పడుతుంది, దగ్గరదారి లేదు. రోజుకొకటి చొప్పున పెట్టుకుంటే రెండు నెలల్లోపే అయిపోతుంది.

అన్నిటికన్నా ముందు ఒక జాగ్రత్త. టేపు బయటికి కనిపించే అంచుకు ఎదురుగా ఉండే అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. ప్రతి క్యాసెట్‌కూ వాటిని విరిచేయండి. అవి లేకపోతే రికార్డు బటన్ దిగదు, పొరపాటున ఎవరైనా నొక్కినా పాతది చెరిగిపోదు. తర్వాత క్యాసెట్‌ను వెలుగులో పెట్టి కిటికీలోంచి చూడండి. టేపు చుట్ట మీద తెల్లగా బూజులా కనిపిస్తే దాన్ని ప్లేయర్‌లో పెట్టొద్దు. ఆ బూజు ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటి, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకు పాకుతుంది. అలాంటివి ఏవైనా ఉంటే, వాటి వరకే తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి తిప్పండి. ఏళ్లతరబడి కదలకుండా ఉన్న టేపు బిగువు సర్దుకుంటుంది.

ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. మందుల షాపులో గానీ ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ దొరుకుతుంది. గొంతులు మసకగా వినిపిస్తుంటే సగం సార్లు కారణం హెడ్ మీద పేరుకున్న మురికే. ఒక్క క్యాసెట్ మాత్రమే మసకగా ఉంటే, దాని లోపల టేపును హెడ్‌కు అదిమిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందేమో చూడండి. మరలు ఉన్న క్యాసెట్ అయితే విప్పి, చుట్టలు రెండూ జాగ్రత్తగా ఇంకో ఖాళీ క్యాసెట్ డొప్పలోకి మార్చుకోవచ్చు.

ఇక వైరు. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు, రెండు వైపులా 3.5 మి.మీ. పిన్ను ఉన్న ఆక్స్ కేబుల్ చాలు. ల్యాప్‌టాప్‌లకు ఇప్పుడు ఒకే రంధ్రం ఉంటోంది కాబట్టి మైక్ రంధ్రం విడిగా ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనాలి. చవకరకం కార్డుల్లో ఆ మైక్ రంధ్రం మోనోయే, అంటే రెండు చానెళ్లు రావు. మీ విషయంలో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఒకే మైకు ఉన్న చిన్న టేప్‌రికార్డర్‌లో పట్టింది ఎలాగూ మోనోయే కదా, ఖరీదైన కార్డు కొన్నా అదనంగా వచ్చేది ఏమీ ఉండదు. ప్లేయర్ వాల్యూమ్ మాత్రం బాగా తగ్గించి మొదలుపెట్టండి, లేదంటే గొంతు పగిలినట్టు రికార్డవుతుంది.

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో 44,100 హెర్ట్జ్, మోనో పెట్టుకుని రికార్డు చేయండి. శబ్దం ఎంత పెద్దదైనా మీటర్ మైనస్ 6 దాటకుండా చూసుకోండి. మొదలుపెట్టేముందు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయడం మరిచిపోవద్దు. ఫోన్ మాట్లాడేటప్పుడు ఫ్యాన్ హోరును తీసేయడానికి పెట్టిన ఏర్పాట్లు అందులో ఉంటాయి. అవి కదలకుండా నిలిచి ఉండే ప్రతి శబ్దాన్నీ హోరు అనే అనుకుంటాయి. హార్మోనియం శ్రుతి నిలిచి ఉండే శబ్దమే. మీ నాన్నగారి వాయిద్యాన్నే అది తుడిచేసే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు వేగం. పాత ప్లేయర్లలో రబ్బరు బెల్టు సాగిపోయి క్యాసెట్ నెమ్మదిగా తిరుగుతుంది, పద్యం అరమెట్టు కిందికి దిగిపోతుంది. మామూలు ఇళ్లలో దీన్ని పట్టుకోవడం కష్టం. మీ ఇంట్లో తేలిక. ఆ హార్మోనియం ఇంకా ఉంటే, నాన్నగారు ఏ శ్రుతిలో వాయించారో అడిగి, ఆ మెట్టు నొక్కి రికార్డింగ్‌తో పోల్చండి. ఏళ్లు గడిచాక రీడ్లు కాస్త మారి ఉండొచ్చు గానీ అరమెట్టు తేడా ఉంటే చెవికి తెలిసిపోతుంది. బెల్టు కొత్తది వేయించడమే సరైన మందు, అదేమంత ఖరీదు కాదు. కుదరకపోతే ఆడాసిటీలోనే ఎఫెక్ట్స్‌లో వేగం, శ్రుతి కలిపి మార్చే సదుపాయం ఉంది.

రికార్డింగ్‌ను మొదట, నాణ్యత తగ్గించని డబ్ల్యూఏవీ ఫైలుగా దాచండి. గంటకు దాదాపు 320 ఎంబీ అవుతుంది. యాభై క్యాసెట్లూ గంట నిడివివే అయితే 16 జీబీ, అంటే 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో సగం. వినడానికి, చుట్టాలకు పంపడానికి దాని నుంచి ఎంపీ3 కాపీ తీసుకోండి. బుస శబ్దం తగ్గించాలనుకుంటే పద్యం మొదలవక ముందున్న రెండు మూడు సెకన్ల బుసను నమూనాగా చూపించి, కొద్దిగానే తగ్గించండి. ఎక్కువ చేస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. ఈ మార్పులన్నీ కాపీ మీదే చేయండి, మొదటి ఫైలు జోలికి పోవద్దు.

పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇంకో కాపీ హార్డ్‌డిస్క్‌లో, వీలైతే వేరే ఊళ్లో ఉన్న అన్నయ్య దగ్గరో చెల్లెలి దగ్గరో ఉండాలి. ఎక్కించేటప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ నాటకం, ఏ ఊరు, కృష్ణుడెవరు, అర్జునుడెవరు అన్నది ఆయన చెబుతుంటే అప్పటికప్పుడే ఫైలు పేరులో రాయండి. ఆ వివరం క్యాసెట్‌లో లేదు, ఆయన దగ్గరే ఉంది.

వరంగల్‌లో ఉంటున్న అమ్మ ఫోన్ ‘స్టోరేజ్ ఫుల్’ అంటోంది. వీడియో కాల్ చేస్తే ఆగిపోతోంది. కొత్త ఫోన్ కొంటానంటే ‘ఉన్నది బాగానే ఉందిగా’ అంటుంది. ఏం చేయాలి? (హైదరాబాద్)

అమ్మ మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఫోన్‌ను నింపేది చాలా ఇళ్లలో వాట్సాప్ గ్రూపుల శుభోదయాలు, దేవుడి వీడియోలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ తెరిచి ‘మేనేజ్ స్టోరేజ్’ నొక్కండి. పలుమార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట, 5 ఎంబీ దాటినవి ఒకచోట కనిపిస్తాయి. ముందు ఫార్వర్డ్ అయినవి తీసేయండి. మనవల ఫొటోలు అందులో కలిసిపోయి ఉంటే ముందే పక్కకు తీసి పెట్టాలి. ఈ పని అమ్మ పక్కన ఉండగానే చేయండి. ఆమెకు చెత్త కానిది మీకు చెత్తలా కనిపించొచ్చు.

అక్కడే మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే ఇకమీదట ఆమె నొక్కిన ఫొటోలే దిగుతాయి. ‘క్లీనర్’ యాప్‌లు వేయొద్దు. సెట్టింగ్స్‌లో వాట్సాప్‌కు ‘క్లియర్ క్యాష్’ నొక్కినా నష్టం లేదు గానీ, దాని పక్కనే ఉండే ‘క్లియర్ స్టోరేజ్’ లేదా ‘క్లియర్ డేటా’ నొక్కితే చాట్లన్నీ పోతాయి.

ఒకవేళ ఆ హెచ్చరిక గూగుల్ నుంచి వస్తుంటే సంగతి వేరు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ 1 నుంచి ఎక్కిన ఫొటోలన్నీ అందులోకే లెక్క, ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అంతే. అది నిండితే మెయిళ్లు రావడం ఆగిపోతుంది. బ్యాకప్‌లో వీడియోలు కలపకుండా ఆపేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇవన్నీ చేశాక కూడా కాల్ ఆగిపోతుంటే అప్పుడు కొత్త ఫోన్ మాట ఆలోచిద్దాం.

రెండు రూపాయల ఆఫర్ అని ఒక యాప్ వేసుకున్నాను. నచ్చక తీసేశాను. అయినా నెలనెలా రూ.199 కట్ అవుతోంది. (ఒక తల్లి, కాకినాడ)

యాప్ తీసేస్తే చందా ఆగదమ్మా. ఆ రెండు రూపాయలు కట్టేటప్పుడు మీరు కొట్టిన పిన్నుతోనే ఆటోపేకు, అంటే నెలనెలా డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటుకు కూడా అనుమతి వెళ్లిపోయింది. ఇది మీ అజాగ్రత్త అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పెద్ద అక్షరాల్లో రెండు రూపాయలు, కంటికి ఆనని అక్షరాల్లో రూ.199 అని రాసేవాళ్లదే తప్పు. ఇంట్లో పాలు, కూరగాయల దగ్గర లెక్క చూసుకునే మనిషికి ఏడాదికి రూ.2,388 చిన్న మొత్తమేమీ కాదు.

ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ, అప్పుడు ఏ యాప్‌తో డబ్బు కట్టారో అదే తెరవండి. ప్రొఫైల్‌లో ఆటోపే అని ఉంటుంది. ఆ చందా పేరు మీద నొక్కి రద్దు చేయండి. అక్కడ కనిపించకపోతే ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లో చూడండి. ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకు డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. కాబట్టి మెసేజ్‌ల్లో ‘మాండేట్’ (ఆటోపేకు ఇచ్చిన అనుమతి) అని వెతికితే ఏ బ్యాంకు ఖాతా నుంచి, ఎవరికి పోతోందో తెలుస్తుంది.

ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, కనిపించిన నంబరుకు ఫోన్ చేయొద్దు. మోసగాళ్లు పెట్టిన నంబర్లు అందులో కలిసి ఉంటాయి. ‘మీ డబ్బు వెనక్కి వేస్తాం, పిన్ కొట్టండి’ అని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ఒకవేళ అలా ఏమైనా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నాన్న రాత్రి పదింటికల్లా వైఫై రూటర్ ఆపేస్తారు, కరెంటు దండగ అంటారు. రోజూ గొడవ. ఎవరిది సరైన మాట? (విజయవాడ)

రూటర్ పది వాట్లు తీసుకుంటుందనుకుందాం. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే నెలకు రెండున్నర యూనిట్లు కూడా మిగలవు. మీ స్లాబును బట్టి పది, ఇరవై రూపాయలు. ఆపడం వల్ల రూటర్ పాడవదు. అయితే ఇంట్లో సిగ్నల్ సరిగా రాక వైఫై మీదే కాల్స్ మాట్లాడుకునేవాళ్లు, అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఆపకపోవడమే మంచిది. అర్ధరాత్రి అవసరం పడి చేసిన ఫోన్ కలవకపోతే ఆ ఇరవై రూపాయలు ఎవరికీ గుర్తుండవు.

నాన్నగారి పట్టుదల మాత్రం మంచిదే, దాన్ని ఫ్యాన్ల వైపు తిప్పండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఉన్న ఫ్యాన్‌కు 30 వాట్లు సరిపోతాయి. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాన్ ఒక్కటి మార్చినా నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. టీవీ సెట్‌టాప్ బాక్సును కూడా రిమోట్‌తో వదిలేయకుండా ప్లగ్ దగ్గర ఆపండి. చాలా మోడళ్లు స్టాండ్‌బైలో కూడా, ఆన్‌లో ఉన్నప్పుడు తీసుకునేంత కరెంటు దాదాపుగా తీసుకుంటాయి.

రిటైరైన మా నాన్నగారు మా ఊరి చరిత్ర రాస్తున్నారు. పాత ల్యాప్‌టాప్‌లో అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లు ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే పది నిమిషాలు పడుతోంది. (కరీంనగర్)

ఫైళ్లు పాడవలేదు, ఆయనకు ఆ మాట ముందు చెప్పండి. అను ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేని ఫోన్‌కు కనిపించేది ఆ కోడ్‌లే. అను నుంచి, అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక్కో అధ్యాయం మార్చి, ఒత్తులు, అంకెలు తప్పకుండా సరిచూసుకోవాలి, అక్కడే తప్పులు వస్తాయి. పాత ఫైలును అలాగే ఉంచి, దాని పీడీఎఫ్ కూడా ఒకటి తీసి పెట్టుకుంటే పోల్చుకోవడం తేలిక. ఇకమీదట యూనికోడ్‌లోనే రాయమనండి. విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. వేళ్లు నొప్పి పుట్టినప్పుడు ఫోన్‌లో జీబోర్డు మైకు నొక్కి తెలుగులో చెబితే అదే టైప్ చేస్తుంది.

ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే దాన్ని తీసి, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్ ఎస్‌ఎస్‌డీ వేయించండి. రాసుకునే పనికి 256 జీబీ ధారాళం. పది నిమిషాల ఎదురుచూపు నిమిషంలోపుకు దిగుతుంది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లయితే విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. అలాంటి మెషీన్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్, రాసుకోవడానికి లిబ్రే ఆఫీస్ వేసుకోవచ్చు, రెండూ ఉచితం, తెలుగు చక్కగా వస్తుంది. డిస్క్ మార్చేముందు ఆయన ఫైళ్లన్నీ రెండు చోట్ల కాపీ అయ్యాయో లేదో మీరే స్వయంగా తెరిచి చూడండి.

పిల్లల ప్రాజెక్టుల కోసం ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నాం. అవసరమైనప్పుడల్లా ఇంకు ఎండిపోయి ఉంటోంది. (కర్నూలు)

వారానికి ఒక్క రంగుల పేజీ ప్రింట్ తీయండి. ప్రింటర్‌ను గోడ స్విచ్‌తో కాకుండా దాని సొంత బటన్‌తో ఆపండి, అప్పుడే హెడ్‌కు మూత పడుతుంది. హెడ్ క్లీనింగ్ వరసగా రెండు మూడు సార్లకు మించి చేయొద్దు, ఇంకంతా దానికే పోతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్నే మళ్లీ ప్రయత్నించండి. నెలకు పది పేజీలు కూడా దాటకపోతే జిరాక్స్ షాపే చవక. అక్కడికి ఆధార్ పంపాల్సి వస్తే మాత్రం ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటు నుంచి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుని పంపండి. ప్రింట్ చేతికి వచ్చాక షాపు కంప్యూటర్‌లోంచి, వాట్సాప్‌లోంచి మీ ఎదురుగానే తీసేయమని అడగండి.