సైంటిస్ట్ కావాలంటే మంచి ర్యాంకు తప్పనిసరా?

"మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. డాక్టర్ వద్దు, సైంటిస్ట్ అవుతానంటున్నాడు. పైకి రావాలంటే మంచి ర్యాంకు ఉండాలా?" అని అడిగారు కదండీ.

అక్కర్లేదు. నేను హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. ల్యాబుల్లో ర్యాంకర్లను చాలామందినే చూశాను. కీ ఉన్న ప్రశ్నయితే చిటికెలో చేసేస్తారు, కీ లేకపోతే బిక్కమొహం వేస్తారు. అసలు కావాల్సింది అనుమానం. అదీ తన రిజల్టు మీద తనకే.

మా ల్యాబులో ఒక సీనియర్ అక్క ఉండేది. కణజాలంలో ఫాస్ఫేటు కొలవడం ఆవిడ పని. మాలిబ్డేటు అనే రసాయనం పోసి, ఇంకో రియేజెంట్ కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఒకసారి అంకెలు అచ్చం గైడ్ గారు ఊహించినట్టే వచ్చాయి. సార్ మహా ఖుషీ, కాన్ఫరెన్సుకి పోస్టర్ వేసేద్దామన్నారు. అక్క మాత్రం బ్లాంక్ ట్యూబ్ వెనక తెల్లకాగితం పెట్టి చూస్తూ కూర్చుంది. శాంపిల్ వెయ్యని ట్యూబ్ అది, రంగు రాకూడదు. లేతగా నీలం! రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్‌ని బ్లాంకుతోనే జీరో చేస్తాం కాబట్టి మిషన్‌కి ఆ సంగతే తెలియదు.

"ఆ మాత్రం ఉంటుందిలే అమ్మా, రాసెయ్" అన్నారు సార్. ఆవిడ రాయలేదు. నీళ్లు మార్చింది, రియేజెంట్లు కొత్తగా కలిపింది, రంగు పోలేదు. చివరికి గాజుసామాను కడిగే అటెండర్ బాబాయ్‌ని అడిగింది. "పాత పౌడర్ అయిపోయిందమ్మా, స్టోర్స్‌లో వేరేది ఇచ్చారు" అన్నాడాయన. డిటర్జెంట్‌లో ఫాస్ఫేటు! ఒక్కో ట్యూబుకి ఒక్కోలా అంటుకుని ఉంది. అన్నీ యాసిడ్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మళ్లీ చేస్తే సగం రిజల్టు గాలికి పోయింది. సార్ చాన్నాళ్లు ఆవిడతో ముభావంగానే ఉన్నారు. ఇప్పుడు ఆవిడకి సొంత ల్యాబ్ ఉంది. ఆ బాబాయ్ పేరు మాత్రం ఏ పేపర్లోనూ పడలేదు, అది వేరే బాధ.

ఇంతకీ అక్క ఫాస్ఫేటు కొలిచింది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో, 1925 నాటిది. ఫిస్కే హార్వర్డ్ ప్రొఫెసర్. సుబ్బారావు అంటే భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఇక ర్యాంకు ఊసెందుకు? కండరాల శాంపిల్‌లో ఆ నీలం రావాల్సినదానికంటే ఆలస్యంగా వస్తోందని పట్టుకుని వదల్లేదు వాళ్లిద్దరూ. అలా 1927లో కండరాల్లో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, ఆ తర్వాత కణాలకి శక్తినిచ్చే ఏటీపీ. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి పర్మనెంట్ పోస్టు దక్కలేదు, 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. కాబట్టి పైకి రావడమంటే మీ దృష్టిలో ఏమిటో ముందు మీరే తేల్చుకోండి.

ఇంకోటి, ఇంట్లోవాళ్ల నోరు. ముప్పై దాటాక కూడా "ఇంకా చదువేనా, పెళ్లెప్పుడు?" అని ప్రతి ఫంక్షన్‌లోనూ పొడుస్తారు. పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ చూస్తే నెలల తరబడి పడదు, అడిగితే ఫైలు పైన ఉందంటారు.

సైన్సు చదువుకీ రీసెర్చికీ కేంద్రం పెట్టిన సంస్థ ఐసర్, మన తిరుపతిలో కూడా ఉంది, 2015లో పెట్టారు. దాని ప్రవేశ పరీక్ష, ఆప్టిట్యూడ్ టెస్టు రాయించండి, సీటు రాకపోతే మామూలు బీఎస్సీ అయినా పర్లేదు. లక్షలు పోసి కోచింగ్ మాత్రం వద్దండీ. ఆ డబ్బు దాచండి, ఫెలోషిప్ పడని నెలల్లో మెస్ బిల్లుకైనా పనికొస్తుంది.