ఎయిర్‌పోర్టులో వంగి బంతి పట్టుకుంటున్న ఆయన ఎవరు?

"అన్నా, పిట్స్‌బర్గ్ వచ్చి నెలయింది. సోమవారం వస్తే ఆఫీసులో అందరూ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ గోలే. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. ఇంతకీ ఎయిర్‌పోర్టులో జార్జ్ వాషింగ్టన్ పక్కన ఉన్న ఆ ఫుట్‌బాల్ ఆటగాడి విగ్రహం ఎవరిది?"

తమ్ముడూ, ఆయన స్టీలర్స్ ఆటగాడు ఫ్రాంకో హారిస్. రూల్సన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, ఆయన కథ ఒక్కటి తెలుసుకో చాలు.

1972 డిసెంబర్ 23. స్టీలర్స్ మీద ఓక్లండ్ రైడర్స్ జట్టు 7-6తో ముందుంది. మిగిలింది 22 సెకన్లు. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ఛాన్సులిస్తారు. స్టీలర్స్‌కి అది నాలుగోది. స్టీలర్స్ ఆటగాడు బ్రాడ్‌షా బంతి విసిరాడు. దాన్ని అందుకోబోయిన తోటి ఆటగాడు ఫుక్వాను రైడర్స్ ఆటగాడు టేటమ్ వచ్చి గుద్దేశాడు. బంతి ఎగిరి వెనక్కి పోయింది. అందరూ అయిపోయిందనుకున్నారు. అది నేలను తాకబోతుండగా హారిస్ బూటు దగ్గర అందుకుని, ఆగకుండా పరుగెత్తి చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. 13-7.

గొడవంతా ఇక్కడే. అప్పటి రూల్ ప్రకారం బంతి ఫుక్వాకి మాత్రమే తగిలి ఉంటే హారిస్ పట్టడం చెల్లదు. టేటమ్‌కి తగిలి ఉంటే చెల్లుతుంది. రిఫరీ విలేకరులు కూర్చునే ప్రెస్ బాక్స్‌కి ఫోన్ చేసి మాట్లాడాకే టచ్‌డౌన్ అని ప్రకటించాడు. ఎవరికి తగిలిందో ఏ వీడియో చూసినా తేలదు. ఆ రూల్‌ని 1978లో తీసేశారు.

1933లో పుట్టిన స్టీలర్స్‌కి ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌ల్లో, అదే మొదటి గెలుపు. యజమాని ఆర్ట్ రూనీ ఓడిపోయామనుకుని, కుర్రాళ్లను ఓదారుద్దామని లిఫ్ట్ ఎక్కాడట. పాపం, ఆ పరుగు చూడనేలేదు! తర్వాతి మ్యాచ్‌లో మయామీ చేతిలో ఓడారులే. కానీ ఆ తర్వాత ఎనిమిదేళ్లు తిరక్కుండా నాలుగు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచారు. అదే సమయంలో ఇక్కడ స్టీలు మిల్లులు ఒక్కొక్కటీ మూతపడటం మొదలైంది. ఇంట్లో జీతం పోయినవాళ్లకి ఆదివారం ఈ జట్టే మిగిలింది.

ఇది తెలియక నేను వచ్చిన కొత్తలో లంచ్ దగ్గర "అది ఉత్త లక్కే కదా" అనేశాను. మా టీమ్‌లో పెద్దాయన తినడం ఆపి నా వంక చూశాడు. రెండు రోజులు సరిగా పలకలేదు.

నువ్వలా అనకు. "ఆ రోజు మీరెక్కడున్నారు?" అని అడుగు. స్టేడియంలో ఉన్నది యాభై వేల మందే, ఊళ్లో మాత్రం ప్రతి రెండో మనిషీ నేనక్కడే ఉన్నానంటాడు. లోకల్ టీవీలో ప్రసారం కూడా లేదు మరి! అయినా వాదించకుండా విను. అరగంటలో స్నేహం కుదురుతుంది.

ఇంకోటి. ఆదివారం ఒంటిగంట మ్యాచ్ ఉంటే ఆ టైముకే పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరు, రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఎవరైనా స్టీలర్స్ అభిమానులు ఊపే పసుపు రంగు టవల్ ఇస్తే దాంతో చేతులు మాత్రం తుడుచుకోకు.