జర్మనీ బడిలో ఏడాది వాలంటీర్: పంపాలా, వద్దా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి 22 ఏళ్లు. బీఎస్సీ అయ్యాక హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకుంటూ ఏ2 (భాషలో రెండో స్థాయి) పాసైంది. దక్షిణ జర్మనీలో దివ్యాంగ పిల్లల బడి ఒకటి ఏడాదిపాటు వాలంటీర్‌గా తీసుకుంటామని మెయిల్ పంపింది. జీతం ఉండదట, పాకెట్ మనీ ఇస్తారట. డిగ్రీ చదివి అంత దూరం పోయి ఊరికే పనిచేయడమేంటని ఇంట్లో గొడవ. ఒక ఏజెంటేమో మూడు లక్షలు కడితే వీసా, తర్వాత ఉద్యోగం గ్యారంటీ అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా కట్టకండి. బడి నుంచి మీ అమ్మాయికే నేరుగా మెయిల్ వచ్చాక మధ్యలో ఆయన చేసేదేముంది? వీసా ఫీజు 75 యూరోలు, టికెట్, సర్టిఫికెట్ల అనువాదం... ఖర్చంటే ప్రధానంగా ఇవే. ఉద్యోగం గ్యారంటీ అనే మాట ఇక్కడే కాదు, జర్మనీలో కూడా ఎవరూ ఇవ్వలేరు.

ఇక ‘ఊరికే’ అన్నారు కదా, అది పూర్తిగా నిజం కాదు. జర్మనీలో యువత ఏడాదిపాటు సేవ చేయడానికి 1964 నుంచీ చట్టం ఉంది. దాన్ని ఎఫ్‌ఎస్‌జే అంటారు, 27 ఏళ్ల లోపు వాళ్లకు. 2011లో నిర్బంధ సైనిక శిక్షణను ఆపేసినప్పుడు, దానికి బదులుగా ఆస్పత్రుల్లో, ఆశ్రమాల్లో పనిచేసే కుర్రాళ్లు ఒక్కసారిగా కరవయ్యారు. ఆ లోటు పూడ్చడానికి బీఎఫ్‌డీ అని ఇంకో సేవా పథకం పెట్టారు. రెండింట్లోనూ ఆరోగ్య బీమా వాళ్లే కడతారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు గది, భోజనం కూడా చాలాచోట్ల వాళ్లే చూసుకుంటారు. పాకెట్ మనీకి గరిష్ఠ పరిమితి 2025లో నెలకు 644 యూరోలు. బడులు చాలావరకు అంతకంటే తక్కువే ఇస్తాయి. ఇంటికి పంపడానికి మిగలదు, ఇంటి నుంచి తెప్పించుకోనక్కర్లేదు. అంతవరకే ఆశించండి.

అయితే నా దృష్టిలో మీ ఇంట్లో జరగాల్సిన చర్చ డబ్బు గురించి కాదు. అక్కడి రోజు ఎలా ఉంటుందో మీ అమ్మాయికి తెలుసా అన్నదాని గురించి.

మూడేళ్ల కింద నా దగ్గరికి వచ్చి, తర్వాత ఇలాంటి బడికే వెళ్లిన ఒక అమ్మాయి చెప్పిన మాటలు చెబుతాను. డిసెంబర్‌లో పొద్దున ఏడున్నరకు ఇంకా చీకటే. గేటు దగ్గర వ్యాన్లు ఆగుతాయి. ఒక్కొక్క పిల్లాణ్నీ వీల్‌చైర్‌తో దించి, కోటు, టోపీ, గ్లవ్స్ తీసి, బూట్లు విప్పి లోపల వేసుకునే చెప్పులు తొడగాలి. ఎనిమిది మంది పిల్లలకు ఇది అయ్యేసరికి అరగంట. తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఈరోజు ఏ వారం, ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఒక పాట. పది గంటలకు టిఫిన్. మింగడం కష్టమైన పిల్లలకు మెత్తగా చేసి ఒక్కో చెంచా పెట్టి, మింగేదాకా ఆగాలి. తొందరపెడితే పొలమారుతుంది. మధ్యలో టాయిలెట్, డైపర్లు. పన్నెండేళ్ల పిల్లలకు కూడా.

మొదటి వారం ఆ అమ్మాయి రోజూ రాత్రి ఏడ్చిందట. పని కష్టమై కాదు, మాట అర్థంకాక. కోచింగ్‌లో నేర్చుకున్న జర్మన్ వేరు, ఆ ఊళ్లో మాట్లాడే యాస వేరు. ‘ఇస్ట్’ అని నేర్చుకుని వెళితే అక్కడ ‘ఇష్’ అంటారు. టీచర్లు దయగల వాళ్లే, కానీ పని మధ్యలో నెమ్మదిగా మాట్లాడే తీరిక ఎవరికుంటుంది? ఆమెకు భాష దొరికింది మాటలు రాని ఒక తొమ్మిదేళ్ల పిల్లాడి దగ్గర. వాడి ముందు బొమ్మల బటన్లున్న పరికరం ఉంటుంది. ఏది నొక్కితే ఆ మాట వినిపిస్తుంది. వాడు రోజుకు యాభై సార్లు నొక్కేది ‘మేర్’, అంటే ‘ఇంకా’. ఆ పరికరంలో ఉన్న మాటలన్నీ వాడితోపాటే ఆమెకూ వచ్చేశాయి. ఏడాది చివర్లో బీ1 (ఏ2 తర్వాతి స్థాయి) పాసైంది.

సాయంత్రాలు మాత్రం ఒంటరితనమే. రాత్రి భోజనమంటే చాలా ఇళ్లలో చల్లటి రొట్టె, చీజ్. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం బియ్యం కొనడం మర్చిపోతే సోమవారం దాకా ఆ రొట్టే గతి. ఏడాదికి 25 రోజులు సెమినార్లు ఉంటాయి. వేర్వేరు చోట్ల పనిచేసే వాలంటీర్లంతా అక్కడ కలుస్తారు. ఆ అమ్మాయి స్నేహాలన్నీ అక్కడివే.

ఇప్పుడు నా సలహా. వీసాకు పెట్టేలోపు మీ అమ్మాయిని ఒక నెల మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లమనండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడుపుతున్నదే. టీచరుగారిని అడిగి సాయంగా ఉండనివ్వమంటే చాలావరకు కాదనరు. నెలయ్యాక కూడా వెళ్తానంటే అడ్డు చెప్పకండి. వారానికే మొహం చాటేస్తే మూడు లక్షలు కాదు, ఏడాది మిగిలినట్టు.

తర్వాత ఏమిటంటారా? అక్కడే ఉండాలనుకుంటే భాష బీ1, బీ2 దాకా పెంచుకుని మూడేళ్ల ఆస్‌బిల్డుంగ్‌కు ప్రయత్నించవచ్చు. అంటే పని చేస్తూ నేర్చుకునే కోర్సు. నర్సింగ్‌లోనైతే ప్రభుత్వ ఆస్పత్రుల్లో మొదటి ఏడాదే నెలకు 1,300 యూరోల పైన ఇస్తారు. తిరిగొచ్చి ఇదే రంగంలో ఉండాలనుకుంటే సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) మంచిది. ఒక్కటి గుర్తుంచుకోండి, జర్మనీ సర్టిఫికెట్‌తో ఇక్కడ స్పెషల్ ఎడ్యుకేటర్‌గా ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ రాదు. దానికి ఇక్కడి గుర్తింపున్న కోర్సు చేయాల్సిందే. రెండు దారుల్లో ఏదీ నచ్చకపోతే? ఏడాది గడిచింది, ఒక భాష వచ్చింది. బీఎస్సీ చేసి ఇంట్లో గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నానని చెప్పుకునే ఏడాది కంటే ఇది నాకు మెరుగ్గానే కనిపిస్తుంది. పెళ్లి సంబంధాల గురించి రాయలేదు కానీ, మీ మనసులో అదీ ఉండే ఉంటుంది. 23కి తిరిగొస్తే ఏం ముంచుకుపోదు.

బడికి ఒక మెయిల్ రాయించండి. గది ఎక్కడ, ఒక్కదానికేనా, ఇంకొకరితోనా? సెలవుల్లో బడి మూసినప్పుడు భోజనం ఎవరిది? రోజుకు ఎన్ని గంటలు? సూటిగా జవాబిస్తే నమ్మవచ్చు. తట్టు టీకా వేయించుకున్నట్టు రుజువు కూడా సిద్ధం చేసుకోండి. 2020 నుంచి అక్కడి బడుల్లో పనిచేసేవాళ్లకు అది తప్పనిసరి. చిన్నప్పటి కార్డు దొరక్కపోతే డాక్టరును ఇప్పుడే కలవండి, చివరి వారంలో టెన్షన్ పడొద్దు.

పెట్టెలో మూడు లీటర్ల కుక్కర్ ఎలాగూ పెడతారు. దాని గ్యాస్కెట్లు రెండు అదనంగా పెట్టండి. నేను చెప్పిన ఆ అమ్మాయికి ఫిబ్రవరిలో అది తెగిపోతే, ఇంటి నుంచి వచ్చేదాకా నెల రోజులు గిన్నెలో వార్చుకుని తిందట.