తోటిపిల్లల వేధింపులు: మా బాబుకు ఎలా తోడుండాలి?

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. నత్తి ఉందని కొందరు తోటిపిల్లలు ఏడాదిగా వెక్కిరిస్తున్నారు. ఈమధ్య వాడి మాటలు రికార్డు చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సోమవారం వస్తే చాలు, కడుపునొప్పి అంటాడు. అన్నం కెలికి లేచిపోతాడు. వాళ్ల నాన్నగారేమో "మగపిల్లాడివి, నువ్వూ నాలుగు తగిలించు" అంటారు. వాడు అమ్మమ్మతో తప్ప ఎవరితోనూ మనసు విప్పడు. స్కూలు మార్చమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ కడుపునొప్పిని సాకు అనుకోకండి. ఈ వయసులో భయం, దిగులు తరచు ఇలాగే బయటపడతాయి. పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. వేరే జబ్బేమీ లేదని తేలినా నొప్పి నిజమైనదేనని బాబుతో అనండి.

వేధింపులకు గురైన పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి, కానీ అందరూ ఒకే తీరుగా కుంగిపోరు. అండగా నిలిచేవారు ఉన్నవారికి కష్టం తాకిడి తగ్గుతుందన్న భావనను 1985లో షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరంగా పరిశీలించారు. మనం చేసే సాయం కన్నా, అవసరమైతే అది అందుతుందని పిల్లవాడికి కలిగే నమ్మకమే మనసుకు ఎక్కువ ఆసరా. మీ బాబుకు ఆ నమ్మకం ప్రస్తుతం అమ్మమ్మగారి దగ్గర దొరుకుతోంది కనుక, వాడేం చెప్పాడని ఆవిడను ఆరా తీయకండి. ప్రాణం తీసుకోవాలన్న మాట వస్తే మాత్రం దాచవద్దని చెప్పి ఉంచండి. "నాలుగు తగిలించు" అన్న మాట పిల్లవాడికి "నీ పాట్లు నువ్వే పడు" అన్నట్టే వినిపిస్తుందని మీవారికి నెమ్మదిగా చెప్పండి.

ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా తరగతిగదిలోని ఒంటరితనం పూర్తిగా తీరదు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పక్కన కూర్చుని క్యారియర్ విప్పే స్నేహితుడు ఒక్కడున్నా వాడికి ఎంతో ఊరట. కాస్త నచ్చిన పిల్లవాడెవరో బాబునే అడిగి, ఆదివారం ఇంటికి పిలవండి. ఆ రికార్డింగును, స్క్రీన్‌షాట్లను భద్రపరిచి హెడ్‌మాస్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అయితే ఇచ్చేముందు ఆ కాగితాన్ని బాబుకు చదివి వినిపించండి, ఎందుకంటే తనకు తెలియకుండా పెద్దలు కదిపిన వ్యవహారం మర్నాడు తన మీదికే వస్తుందని ఈ వయసు పిల్లలు భయపడతారు, ఆ భయంలో న్యాయం ఉంది. యాజమాన్యం కదలకపోతే, బాబు కూడా కోరుకుంటే, అప్పుడు స్కూలు మార్చండి. నత్తికి స్పీచ్ థెరపీ ఇప్పించవచ్చు, కానీ తప్పు తన మాటతీరులో ఉందని వాడికి అనిపించనివ్వకండి.

దిగులు రెండు వారాలు దాటితే మానసిక వైద్యులకు చూపించండి. చనిపోవాలనిపిస్తోందని అంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకువెళ్లండి. 2022 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.