ఇల్లు – ఇంజనీరు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వేళచ్చేరిలో ఇల్లు కడుతున్నాం. పెరట్లో నాలుగంగుళాల పైపు పాతి, దాని గుండా గాలి లాగితే ఏసీ అక్కర్లేదని ఒకాయన చెబుతున్నారు. నంద్యాలలో నేలమాళిగ ఎంత చల్లగా ఉండేదో మా మామగారు రోజూ గుర్తుచేస్తున్నారు. పెట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ మామగారి మాట నిజమేనమ్మా. మూడు నాలుగు మీటర్ల లోతుకి ఎండ వేడి పెద్దగా దిగదు. అక్కడి ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. గురుగ్రామ్ దగ్గర గ్వాల్ పహాడీలో టెరి అనే ఇంధన పరిశోధన సంస్థ తన శిక్షణ కేంద్రం గదులకు నాలుగు మీటర్ల లోతున వేసిన సొరంగాల ద్వారా గాలి అందించింది. ఆ సొరంగాలే చలికాలంలో గాలిని వెచ్చబెడతాయి. చెన్నైకి చలికాలం ఎక్కడిది? ఏడాది సగటే 28, 29 డిగ్రీలు. మే నెలలో బయట 38 ఉంటే, అంతా సవ్యంగా సాగితే లోపలికి 31 డిగ్రీల గాలి వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగంగుళాల పైపులో సెకనుకు మూడు మీటర్ల వేగంతో వెళ్లే గాలి గంటకు సుమారు 85 ఘనపు మీటర్లు. అది ఏడు డిగ్రీలు చల్లబడితే పోయే వేడి 200 వాట్లు. ఒక టన్ను ఏసీ లాగేసేది 3,500 వాట్లు. ఈ లెక్క ఆ పైపు పెట్టమన్నాయన చెప్పి ఉండరు.

అసలు మన బాధ ఉక్క. గాలిలో తేమ నీరై కారాలంటే, మేలో గాలి 25 డిగ్రీలకో ఇంకా కిందికో చల్లబడాలి. 29 డిగ్రీల నేల వల్ల అయ్యే పని కాదది. అందుకే వచ్చే గాలి కాస్త చల్లగా ఉన్నా జిడ్డుగానే ఉంటుంది.

పైగా మీది పళ్లికరణై చిత్తడి నేల పక్క. ఈశాన్య రుతుపవనాలు వచ్చాయంటే నేలలో నీళ్లు పైకే ఉంటాయి. ఒక్క జాయింటు కారినా పైపులో నీళ్లు నిలిచి, బూజు వాసన తిన్నగా పడగ్గదిలోకి వస్తుంది. బెంగళూరులో అయితే నేల 24, 25 డిగ్రీలుంటుంది, కానీ బండ తవ్వాలి. అక్కడ రాత్రి కిటికీ తెరిస్తే సగం పని అయిపోతుంది, అది వేరే సంగతి.

మీరు ఆ డబ్బుతో డాబా మీద తెల్లని కూల్‌రూఫ్ టైల్స్ వేయించండి, పడమటి గోడకు నీడ ఏర్పాటు చేయండి. ఇంకా ఆ పైపులాయన వదలకపోతే, చెన్నైలో ఆయన ఈ పైపు పెట్టిన ఇల్లు చూపించమనండి. మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. మామగారిని కూడా తీసుకెళ్లండి.