కన్సల్టెంట్లు వెళ్ళిపోయాక

హైదరాబాద్

తల్లీ,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెయిల్ రెండుసార్లు చదివాను. పాశమైలారం ప్లాంటులో రోజూ సమస్యలు బోర్డు మీద రాసి మీటింగుల్లో తేల్చే పద్ధతి మొదలైంది, బోర్డులన్నీ పెట్టేశారు, ఏ మీటింగ్ ఎప్పుడో క్యాలెండర్ తయారైంది, వచ్చే నెలాఖరుకి కన్సల్టెంట్లు సర్దుకుని వెళ్ళిపోతారు, "ఇక దీన్ని నేనెలా నిలబెట్టాలి పెదనాన్నా" అన్నావు. ఈ ప్రశ్న ఇప్పుడే అడిగినందుకు చాలా సంతోషం. మేము రెండేళ్ళు ఆలస్యంగా అడిగాం. అప్పటికి నిలబెట్టడానికి ఏమీ మిగల్లేదు.

బాలానగర్‌లో నేను పనిచేసిన కంపెనీ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ ప్రతి లైను దగ్గరా ఒక తెల్లబోర్డు ఉండేది. పొద్దున షిఫ్టు మొదలవగానే పది నిమిషాలు దాని ముందు నిలబడి నిన్నటి ప్రొడక్షన్, రిజెక్షన్, ఇవాళ్టి ఇబ్బందులు రాసేవాళ్ళు. సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే యంత్రం) నడిపే ఒక కుర్రాడు ఒకరోజు "స్పిండిల్ దగ్గర శబ్దం" అని రాశాడు. మర్నాడూ అదే రాశాడు. మూడోరోజు దాని కింద గీత గీసి "ఎక్కువైంది" అని చేర్చాడు. నాలుగోరోజు ఆ గడి ఖాళీ. శబ్దం అలాగే ఉంది, రాసి లాభం లేదని మానేశాడు. తొమ్మిదోరోజు బేరింగ్ పట్టేసింది. మెషిన్ పన్నెండు రోజులు ఆగిపోయింది. అప్పుడు ప్లాంట్ హెడ్‌ని నేనే. డిస్పాచ్ గొడవలో పడి ఆ రోజుల్లో ఒక్కసారి కూడా షాప్ ఫ్లోర్‌కి వెళ్ళలేదు. నెలాఖరు కదా, అయ్యాక చూద్దాం అనుకున్నాను. ఆ కుర్రాడి చేతిరాత ఇప్పటికీ గుర్తుంది.

ఆ పద్ధతిని మా దగ్గర ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఎదురు చెప్పలేదు. పైవాళ్ళం చూడటం మానేశాం, కిందివాళ్ళు రాయడం మానేశారు. అంతే.

కాబట్టి నువ్వు అన్నిటికంటే ముందు కాపాడాల్సింది పైనుంచి కిందికి వెళ్ళే జవాబుని. ఆరున్నరకి లైను దగ్గర తేలని సమస్య తొమ్మిదికి డిపార్ట్‌మెంట్ మీటింగ్‌కి, అక్కడా తేలకపోతే పదింటికి నీ దగ్గరికి రావాలని మీ చార్టులో రాసే ఉంటారు. ఒకసారి ఆ చార్టు తీసి చూడు, బాణాలన్నీ పైకే ఉంటాయి. సాయంత్రంలోపు జవాబు మళ్ళీ అదే బోర్డు దగ్గరికి రావాలి, రాసిన మనిషికి ఎదురుగా చెప్పాలి. "బేరింగ్ ఆర్డరు పెట్టాం, గురువారం వస్తుంది" అంటే చాలు. "ఈ నెల కుదరదు, కారణం ఇదీ" అన్నా అది జవాబే. మూడు రోజులు ఏమీ చెప్పకుండా ఉంటే మాత్రం ఆ మనిషి నాలుగోరోజు మార్కర్ పట్టుకోడు.

సమస్య ఉందని బోర్డు మీద ఎర్ర గుర్తు పెట్టినవాళ్ళని మీటింగ్‌లో అందరి ముందూ నిలదీయనివ్వకు. నిలదీస్తే పై వారానికల్లా బోర్డంతా అంతా బాగుందనే ఆకుపచ్చ గుర్తులతో నిండిపోతుంది, కస్టమర్ కంప్లైంట్లు మాత్రం పెరుగుతాయి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో ఒక కార్ల ఫ్యాక్టరీ మూసేసింది. 1984లో టయోటాతో కలిసి, న్యూమీ అనే పేరుతో అక్కడే మళ్ళీ తెరిచారు. పనివాళ్ళలో ఎక్కువమంది పాతవాళ్ళే. అక్కడ లోపం కనబడితే ఎవరైనా లైను పక్కన కట్టిన తాడు లాగి సాయం పిలవొచ్చు, టీమ్ లీడర్ వెంటనే వచ్చి సాయం పడేవాడు, అప్పటికీ తేలకపోతే లైను ఆపేవాళ్ళు. అదే మనుషులతో క్వాలిటీ ఎంతో మెరుగుపడింది. కానీ ఆ పద్ధతిని మిగతా ప్లాంట్లకి తీసుకెళ్ళడానికి జనరల్ మోటార్స్‌కి చాలా ఏళ్ళు పట్టింది. తాడు ఒక్కరోజులో కట్టొచ్చు. లాగినవాడి దగ్గరికి కోపం లేకుండా వెళ్ళే మేనేజర్లు ఒక్కరోజులో తయారవ్వరు. ఎరుపు చూడగానే నీ నోటి నుంచి మొదట "ఏం సాయం కావాలి" అనే మాట రావాలి. నిన్ను చూసి మీ సూపర్‌వైజర్లూ అదే అంటారు. రెండు వారాలు వరసగా బోర్డంతా ఆకుపచ్చగా కనబడితే నాకైతే టెన్షన్ మొదలయ్యేది.

దీని బాధ్యత ఎవరికి అప్పగించాలి అన్నావు. ఎవరికీ వద్దు, నీ దగ్గరే ఉంచుకో. క్వాలిటీ డిపార్ట్‌మెంట్ చేతికిస్తే అది వాళ్ళ పని అయిపోతుంది, మిగతావాళ్ళు చుట్టాల్లా వచ్చి కూర్చుంటారు. ఫార్మాట్లు, క్యాలెండర్ చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకో, చాలు. మీ ఎండీ గారిని కూడా వదలొద్దు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఎంతోమంది ఇంజనీర్లకి స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్, అంటే లెక్కలతో నాణ్యతని అదుపులో పెట్టే పద్ధతి, నేర్పారు. యుద్ధం అయ్యాక అదంతా చల్లారిపోయింది, పైవాళ్ళకి దాని విలువ ఎక్కకపోవడం వల్లే అని డెమింగ్ అనే అమెరికన్ క్వాలిటీ నిపుణుడు బాధపడ్డాడు. అందుకే 1950లో జపాన్ వెళ్ళినప్పుడు ఇంజనీర్లకి పాఠాలు చెప్పడంతో ఆగలేదు, పెద్ద పెద్ద కంపెనీల అధిపతులతో విడిగా మాట్లాడాడు. మీ ఎండీ గారు నెలకి ఒక్కసారి ఆరున్నరకి లైను దగ్గర నిలబడితే, నువ్వు పంపే పది సర్క్యులర్ల పని అవుతుంది. మొహమాటపడకుండా అడుగు.

మూడు నెలలకోసారి ఈ పద్ధతి మీదే ఒక రివ్యూ పెట్టు. అందులో ప్రొడక్షన్ లెక్కలు మాట్లాడొద్దు. ఏ మీటింగ్‌లో నిర్ణయాలు జరుగుతున్నాయి, ఏది ఊరికే జరుగుతోంది, ఏ ఫారం ఎవరూ చదవట్లేదు, ఇవే మాట్లాడండి. కొత్త మీటింగ్ ఒకటి పెట్టాలనిపిస్తే పాతది ఒకటి తీసెయ్యండి. మా దగ్గర ఇలా తీసేవాళ్ళు లేక ఒక సూపర్‌వైజర్ రోజుకి పదకొండు కాగితాలు నింపేవాడు. ఐఎస్ఓ 9001 అనే క్వాలిటీ సర్టిఫికెట్ మూడేళ్ళు ఉంటుంది, మధ్యలో ఏటా ఆడిట్ ఉంటుంది. ఆ ఆడిట్ ముందు రాత్రి కూర్చుని నెలల తరబడి పేరుకున్న రికార్డులు ఒకే పెన్నుతో నింపే కంపెనీలు నేను చూశాను. మీ ప్లాంటులో అలాంటి రాత్రి రాకూడదు.

సెలవుల సంగతి ముందే ఆలోచించుకో. బోనాలప్పుడు సగంమంది ఉండరు, నిమజ్జనం నాడు రోడ్డు మీద కదలలేం. ఆ రోజుల్లో రివ్యూ పెట్టి, ఎవరూ రాలేదని రద్దు చేస్తే రద్దు చేయడం అలవాటైపోతుంది. ప్రతి మీటింగ్‌కీ నడిపించగలిగే రెండో మనిషి ఉండాలి, నీ పదింటి మీటింగ్‌కి కూడా. కొత్తగా చేరే ఏ మేనేజరైనా సరే, మొదటి వారం రోజులు పొద్దున్నే బోర్డు దగ్గర నిలబడి వినాలి. వినకముందే మార్చేస్తానంటే ఒప్పుకోవద్దు.

నెలాఖరు మాట మళ్ళీ చెప్తున్నాను. "ఈసారికి మీటింగ్ వదిలేద్దాం, ముందు డిస్పాచ్ చూద్దాం" అని నీ దగ్గరికి వస్తారు, మంచివాళ్ళే వస్తారు. పది నిమిషాలని ఐదు చెయ్యి. ఎత్తేయడం మాత్రం వద్దు.

కన్సల్టెంట్లు వెళ్ళిన తర్వాతి సోమవారం నువ్వు ఒక్కదానివే, ఎవరికీ చెప్పకుండా, అన్ని బోర్డుల దగ్గరికీ వెళ్ళు. తేదీ ఇవాళ్టిదేనా, మార్కర్ రాస్తోందా చూడు. తేలకుండా ఉన్న సమస్యల్లో అన్నిటికంటే పాతది ఏ తేదీదో రాసుకో. రాసిన మనిషిని వెతికి, ఏమైందో అడుగు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు ఆ తేదీ నాకు చెప్పు.

మీ పెదనాన్న