జనగామ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేయొచ్చా?

ప్రశ్న: మా ఆవిడ జనగామలో టీచర్. నాకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. కాపురం మార్చాలా, రోజూ తిరగాలా? – ఒక పాఠకుడు, జనగామ

జవాబు: పదకొండేళ్లు కాజీపేట నుంచి సికింద్రాబాద్ ఆఫీసుకు తిరిగినవాణ్ణి. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, మీ ఊరు ఆ లోపే. హైదరాబాద్ అద్దెతో పోలిస్తే పాస్ ఖర్చు ఒక లెక్కా! కానీ రిజర్వేషన్ బోగీ ఎక్కితే ఫైన్ వేస్తారు, జనరల్లో నిలబడే ఓపిక ఉండాలి.

అసలు టెన్షన్ రైలు దిగాకే. స్టేషన్ పక్కనే సికింద్రాబాద్ ఈస్ట్‌లో రాయదుర్గం మెట్రో ఎక్కండి. హైటెక్ సిటీకి అమీర్‌పేటలో మారక్కర్లేదు. సాయంత్రం రైలు తప్పితే అదే మెట్రోలో ఉప్పల్ వెళ్లిపోండి, వరంగల్ బస్సులు దొరుకుతాయి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

మా పాప నన్ను మెలకువగా చూసింది ఆదివారాలే. అందుకే నా ఓటు భువనగిరికి. ఇద్దరికీ నడుమ ఊరు. పొద్దున ఆవిడ జనగామ వైపు వెళ్తారు కాబట్టి రద్దీ కూడా తక్కువ. ఇల్లు మారేముందు ఒక నెల తిరిగి చూడండి. మూడు నెలల పాస్ మాత్రం ఇప్పుడే తీసుకోకండి.